పై నీళ్ళు

నా తమ్ముడు నీళ్ళలో పడింది పదకొండూ పదికి. ఈ టైము విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు. ఆ రోజు నేను వేసిన లెక్కలన్నీ ఆ పదకొండూ పది దగ్గరే మొదలయ్యాయి కాబట్టి ముందే చెబుతున్నాను.

మాది హార్బరులో సర్వే ఆఫీసు. ఓడలు లోపలికి వచ్చే ఏటి దారిలో ఎక్కడ ఎంత లోతుందో, నీళ్ళు ఎటువైపు ఎంత జోరుగా పోతున్నాయో కొలిచి పటం గీస్తాం. లోతు కొలిస్తే సరిపోదు. కొలిచిన క్షణాన నీటిమట్టం ఎంతుందో తెలియకపోతే ఆ లోతుకు విలువే లేదు. పొద్దున ఆరు మీటర్లున్న చోట సాయంత్రానికి నాలుగే ఉంటాయి. అందుకని జెట్టీ స్తంభానికి అంకెల పలక ఒకటి కొట్టి ఉంటుంది. పది నిమిషాలకోసారి దాన్ని చూసి రాయాలి. అల ఎక్కినప్పుడొక అంకె, దిగినప్పుడొక అంకె చూసి మధ్యది తీసుకోవాలి. ఆ అంకెల్ని గీతలుగా, పట్టికలుగా మార్చే పని పదిహేడేళ్ళుగా నాది. ఒక్క సెంటీమీటరు తేడా వచ్చినా రాసినవాణ్ణి పిలిచి నిలబెట్టి కడిగేస్తాను. అందుకే నా వెనకాల నన్ను ‘సెంటీమీటరమ్మ’ అంటారు. ఎదురుగా కూడా అంటారు లెండి. నేను పట్టించుకోను.

నీళ్ళ జోరు కొలిచే యంత్రాన్ని మేం కరెంట్ మీటరంటాం. కొత్తవాళ్ళు వింటే నేను ఇల్లిల్లూ తిరిగి కరెంటు బిల్లులు రాసేదాన్ననుకుంటారు. తమ్ముడికి అదో సరదా. “మా అక్కది కరెంటాఫీసు. ఎదురు మాట్లాడితే ఫ్యూజు పీకేస్తుంది, జాగ్రత్త” అని అందరికీ పరిచయం చేసేవాడు. వాడు నాకంటే పదకొండేళ్ళు చిన్న. అమ్మ పోయేనాటికి వాడికి మాటలు కూడా సరిగ్గా రావు. చంకనేసుకుని తిప్పాను, తిట్టాను, కొట్టాను, చదివించాను, చదువు ఎక్కకపోతే తెచ్చి మా ఆఫీసులోనే పడేశాను. మీటర్లు నీళ్ళలోకి దించేదీ, పైకి తీసేదీ వాడే. వాడు నీళ్ళ మీద, నేను బల్ల ముందు. వాడు తెచ్చిన అంకె ఏదైనా నేను నమ్మేదాన్ని. నేను చెప్పిన లెక్క ఏదైనా వాడు నమ్మేవాడు.

ఆ రోజు ఓడలొచ్చే ఏటి కాలువ నడిమధ్య వేసిన మీటరును పైకి తీయాలి. నీళ్ళ మీద నారింజరంగు డ్రమ్ము ఒకటి తేలుతూ ఉంటుంది. దాని కింద గొలుసుకు, సరిగ్గా నాలుగు మీటర్ల లోతున, మీటరు వేలాడుతుంది. ఇరవై తొమ్మిది రోజులు నీళ్ళలో ఉంది, డ్రమ్ము మీది వైర్లెస్ పెట్టె ద్వారా దాని అంకెలు రోజూ నా బల్లకు చేరుతూనే ఉన్నాయి. అమావాస్య పోటూ, పున్నమి పోటూ రెండూ అందులోకి వచ్చేశాయి. తమ్ముడూ, వాడి జోడీ పొడుగోడూ చిన్న పడవ వేసుకుని వెళ్ళి దాన్ని డ్రమ్ముకు కట్టారు. ఈ పొడుగోడు నిజంగానే తాటిచెట్టంత ఉంటాడు, పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. వాళ్ళను తీసుకెళ్ళిన పెద్ద లాంచీ కాస్త ఎడంగా లంగరేసి ఉంది. దాన్ని నడిపేది మా ముసలి సరంగు.

వాన జల్లు కొట్టింది. మనిషికి మనిషి కనపడనంత జల్లు. ఆ జల్లులో ఎక్కణ్ణుంచో కొట్టుకొచ్చిన దుంగ ఒకటి పడవకు తగిలి, పడవ తలకిందులైంది. డ్రమ్ముకు కట్టి ఉంది కాబట్టి పడవ అక్కడే ఆగింది. పొడుగోడు డ్రమ్మును వాటేసుకున్నాడు. ఏడు నిమిషాలకు జల్లు వెలిసేసరికి డ్రమ్ముంది, పడవుంది, పొడుగోడున్నాడు. తమ్ముడు లేడు. ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉంది, అది మాత్రం పొడుగోడు ఒట్టేసి చెప్పాడు. ఎటు పోయాడో చూడలేదన్నాడు. ఆ తర్వాత వాంతులు మొదలై, వణికిపోతూ స్పృహ తప్పాడు. హార్బరు డిస్పెన్సరీలో పడుకోబెట్టి ఇంజెక్షనిచ్చారు.

పదకొండూ నలభైకి హార్బరు మాస్టరుగారి గదిలో నిలబడ్డాం. ఆయన వయసులో ఓడలు నడిపిన మనిషి. గోడకు పటం ఉంది, పక్కనే నేను వేసిన ప్రవాహాల పట్టిక ఉంది. వెతకడానికి ఆయన చేతిలో రెండే పడవలు. ఒకటి మా లాంచీ, రెండోది ఓడలకు దారి చూపే పైలట్ల బోటు.

“పదీ నలభైకి పోటు నిండింది. అప్పట్నుంచీ నీళ్ళు తీస్తున్నాయి. అంటే మనిషి సముద్రం వైపు పోయుంటాడు” అన్నారాయన.

నాకు ఒళ్ళు మండింది. తమ్ముడు నీళ్ళలో ఉన్నాడు, ఈయన రేవులో చేపలమ్ముకునేవాడికి తెలిసినంత కూడా తెలియకుండా మాట్లాడుతున్నాడు.

“మట్టం దిగడం వేరు, నీళ్ళు మళ్ళడం వేరు సార్!” అని అరిచాను. “బండికి బ్రేకెయ్యగానే ఆగుతుందా? ఇదీ అంతే. పలక మీద అంకె తగ్గడం మొదలయ్యాక కూడా ఈ కాలువలో నీళ్ళు గంటన్నర దాకా లోపలికే పోతాయి. ఇరవై తొమ్మిది రోజులు కొలిచాను. ఒక్కరోజు కూడా తప్పలేదు. పన్నెండుంబావు దాకా నీళ్ళు లోపలికే. ఆ జోరుకి వాడు కిలోమీటరున్నర పైకి, మడచెట్ల లంక దగ్గరికి పోయుంటాడు.”

గుమ్మం దగ్గర తడిబట్టల్తో నిలబడ్డ సరంగు గొంతు సవరించుకున్నాడు. “అమ్మా, తిరగబడ్డ పడవ తాడుకి లాక్కుని సముద్రం వైపే ఉంది. నేను కళ్ళారా చూశాను. పైన వారం నుంచీ వానలు. ఏరు బరువుగా దిగుతోంది.”

“అది గాలికి అలా తిరిగింది సరంగుగారూ. జల్లు ఒడ్డు మీంచి కొట్టింది, ఖాళీ పడవ గాలి ఎటు తోస్తే అటు తిరుగుతుంది. మీ కంటికి కనిపించేది వేరు, మీటరు చెప్పేది వేరు.”

ఆయన తడిచొక్కా అంచు పిండుకున్నాడు. పదిహేడేళ్ళలో నాతో వాదించి నెగ్గినవాళ్ళు లేరని ఆయనకు తెలుసు.

హార్బరు మాస్టరు నుదురు రుద్దుకున్నారు. “పోనీ ఒక బోటు అటు, ఒక బోటు ఇటు పంపుదాం.”

ఆ మాటకు నేను ఊరుకుని ఉంటే చాలు. ఊరుకోలేదు. “రెండూ లోపలికే పంపండి సార్. మడచెట్ల సందుల్లో ఒక్క బోటుతో ఎక్కడని చూస్తారు? సగం సగం వెతికితే రెండు చోట్లా దొరకడు. వాడు నా తమ్ముడు సార్! తెలియకుండా చెప్తానా?” అన్నాను. బల్ల మీద గుద్దాను కూడా. ఆయన నా మొహంకేసి చూసి, వైర్లెస్ తీసుకుని రెండు బోట్లనూ లోపలికి పంపారు.

నా మాటే నెగ్గింది. ఆ దిక్కుమాలిన రోజున కూడా లోపల ఓ మూల నాకు కాస్త తృప్తిగా అనిపించింది. ఇది ఎవరికీ చెప్పలేదు, మీకు చెబుతున్నాను.

పన్నెండున్నరకు మరదలు వచ్చింది. టైలరింగ్ షాపులో పని తనకి. ఎవరికో కొలతలు తీస్తుంటే కబురందినట్టుంది, మెళ్ళో టేపు అలాగే వేలాడుతోంది. ఏడవలేదు. వచ్చి నా బల్ల పక్కన కుర్చీలో కూర్చుంది.

“ఎన్నింటికి వస్తారు వదినా?” అంది, బస్సు గురించి అడిగినట్టు.

“ఒంటిగంటకల్లా దొరుకుతాడు. లంక దగ్గర నీళ్ళు సుడి తిరుగుతాయి. అక్కడ ఏది పడినా చెట్ల వేళ్ళకు చిక్కుకుంటుంది. పట్టుకుని కూర్చునుంటాడు వెధవ.”

“నువ్వు చెప్పావంటే అంతే” అంది. “ఆయన ఇంట్లో గడియారం చూడరు. మా అక్క నీళ్ళు ఎప్పుడు మళ్ళుతాయంటే అప్పుడే మళ్ళుతాయి, గడియారం తప్పొచ్చు గానీ ఆవిడ తప్పదు అంటారు.”

నేను పటం మీద పెన్సిలుతో ఇంకో గుండ్రం చుట్టాను. ఒంటిగంట అయింది. వైర్లెస్‌లో సరంగు గొంతు వచ్చింది. లంక చుట్టూ రెండుసార్లు తిరిగారు, ఏమీ లేదు. ఒంటిగంటా ఇరవై. నీళ్ళు మళ్ళాయి కాబట్టి కాస్త కిందకి దిగి ఉంటాడని లెక్క మార్చి చెప్పాను. ఒంటిగంటా నలభై. తూర్పు ఒడ్డు చూశారు, లేడు. పడమటి ఒడ్డు చూడమన్నాను. మనిషి చేతనైతే ఈ పాటికి ఎక్కడో ఒకచోట ఒడ్డెక్కేవాడు. లేదంటే జాకెట్ తేలుతూ కనపడేది. ఎర్రటి జాకెట్ పచ్చటి చెట్లలో కనపడకుండా పోతుందా? లెక్క మళ్ళీ వేశాను. లెక్క తప్పు లేదు. మూడోసారి వేశాను. ఎన్నిసార్లు వేసినా లంక దగ్గరికే వస్తోంది. వాడు మాత్రం అక్కడ లేడు. దేవుడా, ఇదేం లెక్క!

మరదలు టేపును వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. నా వైపు చూడ్డం మానేసింది.

రెండింటికి డిస్పెన్సరీ నుంచి ఫోను. పొడుగోడికి తెలివొచ్చిందట. పరుగెత్తాను. మంచం చాలక కాళ్ళు బయటికి వేలాడేసుకుని పడుకున్నాడు. నన్ను చూడగానే ఏడుపు మొదలుపెట్టాడు.

“ఏడుపాపి చెప్పరా. నువ్వు డ్రమ్ము పట్టుకున్నప్పుడు నీళ్ళు నిన్ను ఎటు లాగాయి?”

“తెలీదక్కా. కాళ్ళేమో ఒక పక్కకి లాగేస్తున్నాయి. ఒళ్ళేమో ఇంకో పక్కకి. మెలిపెట్టేసినట్టు. భయమేసింది.”

“కాళ్ళు ఎటు?”

“కాళ్ళు ఏట్లోకి. లోపలికి. నడుము పైనంతా బయటికి. కాళ్ళకి వెచ్చగా ఉంది, పైనేమో చన్నీళ్ళు. నీళ్ళు కూడా తాగేశా. రెండు గుటకలు పోయాయి లోపలికి.”

“ఆ నీళ్ళు ఎలా ఉన్నాయి? ఉప్పగా ఉన్నాయా?”

వాడు నాలుకతో పెదవులు తడుముకున్నాడు. “లేదక్కా. చప్పగా ఉన్నాయి. మట్టివాసన.”

మంచం కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. నిండు పోటులో, సముద్రానికి అంత దగ్గర, కాలువ నడిమధ్యలో నీళ్ళు చప్పగా ఉన్నాయి. వారం రోజుల వాననీరు ఏట్లోంచి దిగి, తేలిక కాబట్టి, ఉప్పునీటి మీద పొరలా పరుచుకుని సముద్రంలోకి పోతోంది. దాని కింద ఉప్పునీరు పోటుకు లోపలికి పోతోంది. రెండు నీళ్ళు, రెండు దారులు. నా మీటరు ఉన్నది నాలుగు మీటర్ల లోతున. అది చెప్పింది అక్షరాలా నిజం, ఆ లోతున నీళ్ళు లోపలికే పోతున్నాయి. మనిషి పోయేది నాలుగు మీటర్ల లోతున కాదు. లైఫ్ జాకెట్ వేసుకున్న మనిషి తేలేది పైనున్న మీటరు నీళ్ళలో.

మొన్న సోమవారం వాడు నా బల్ల దగ్గరికి వచ్చి, “అక్కా, ఏరు రంగు మారింది. పైన కూడా ఓ చిన్న మీటరు వేలాడేద్దామా?” అని అడిగాడు. “పైనున్న గజం నీళ్ళతో ఓడకేం పనిరా? ఓడ అడుగు ఉండేది కిందనే కదా. ఉన్న పని చూడు” అన్నాను. వాడు సరేనని నవ్వి వెళ్ళిపోయాడు. మా పనిలో ఉన్నవాళ్ళం తప్ప ఇంకెవరూ చెయ్యలేని తప్పు ఇది. నీళ్ళంటే మాకు ఓడ మోయాల్సిన నీళ్ళే. జెట్టీ మీద కూర్చుని గాలమేసుకునేవాణ్ణి అడిగినా చెత్త ఎటు కొట్టుకుపోతోందో చూసి చెప్పేవాడు. సరంగు చూశాడు. చెప్పాడు కూడా.

హార్బరు మాస్టరు గదికి ఎలా చేరానో తెలియదు. “నేను తప్పు చెప్పాను సార్. బయట. సముద్రంలో. పదకొండూ పది నుంచీ బయటికే పోతున్నాడు. బోట్లు వెనక్కి పిలవండి” అన్నాను. ఆయన మొహం నల్లబడింది. “మూడు గంటలమ్మా!” అన్నారు, అంతే. ఆయన తిట్టి ఉంటే బావుండేది. వైర్లెస్ తీసుకుని పైలట్ల బోటును నేరుగా బయటికి పొమ్మన్నారు. లాంచీని జెట్టీకి రమ్మన్నారు.

రెండూ నలభైకి లాంచీ జెట్టీకి తగలగానే దూకాను. మరదలు కూడా వస్తానంది. వద్దని గదమాయించాను. నా తప్పు వాడి భార్య ముందు చూసుకునే ధైర్యం నాకు లేక వద్దన్నాను. సరంగు అప్పటికే లాంచీని వెనక్కి తిప్పుతున్నాడు. నేనే అన్నాను.

“సరంగుగారూ, మీ మాట వినాల్సింది.”

“ఇప్పుడవన్నీ ఎందుకమ్మా? ఎంత దూరం పోయుంటాడో లెక్క చెప్పండి” అన్నాడు.

చెప్పాను. మొదటి గంట ఒక జోరు, పన్నెండుంబావుకి కింది నీళ్ళు కూడా మళ్ళాక ఇంకో జోరు. ఏరు సముద్రంలో కలిసే మొగ దాటాక నీళ్ళు విచ్చుకుంటాయి, జోరు తగ్గుతుంది. ఎనిమిది కిలోమీటర్లు అటూ ఇటూగా. నా గొంతులో నాకే నమ్మకం లేదు. పదిహేడేళ్ళలో మొదటిసారి “అనుకుంటా” అనే మాట వాడాను.

మొగ దాటుతుంటే అలలు నిలువెత్తున లేస్తున్నాయి. ఏటి నీళ్ళు బయటికి తోస్తుంటే సముద్రం ఎదురు కొడుతోంది. లాంచీ మునిగి లేచింది, నిలువునా తడిసిపోయాను. జాకెట్ ఉన్న మనిషయినా మొగలో మొహం పైకెత్తుకుని ఊరికే తేలకపోతే నీళ్ళు మింగుతూనే ఉంటాడు. వాడికి ఈత బాగా వచ్చు, జాకెట్ ఉంది, ఊరికే తేలుతూ ఉంటే చాలు, ఏమీ కాదు, ఏమీ కాదు అని గొణుక్కుంటున్నాను.

సరంగు దూరంగా చెయ్యి చూపించాడు. మట్టిరంగు నీళ్ళు, ఆకుపచ్చ నీళ్ళు కలిసేచోట చూపు ఆనినంత దూరం ఒక గీత. గీత పొడుగునా నురగ. “ఏట్లోంచి వచ్చిందంతా అక్కడే ఆగుతుంది. అబ్బాయి కూడా ఆ గీతలోనే ఉండాలి” అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. గీత వెంట లాంచీ నడిపాడు. గుర్రపుడెక్క మేటలు, కొబ్బరిబొండాలు, సీసాలు, కూలిన చెట్టు, ఎవరిదో తలుపు. ఎర్రగా కనపడ్డ ప్రతిదాన్నీ చూసి కేకేశాను. బకెట్టు, పెట్రోలు డబ్బా, పిల్లల బంతి. వాడి పేరు పిలిచి పిలిచి గొంతు పోయింది. ఒక కొస నుంచి రెండో కొస దాకా వెళ్ళాం. పైలట్ల బోటు ఎదురొచ్చింది, వాళ్ళకీ కనపడలేదట. మళ్ళీ వెనక్కి తిరిగాం. నాలుగున్నర దాటింది. ఎండ వాలిపోతోంది. ఇంకో గంట పోతే వెతకడానికి వెలుతురుండదు.

“ఇక్కడే ఉండాలి కదా సరంగుగారూ! అన్నీ ఇక్కడే ఉన్నాయి కదా! వాడొక్కడే ఎందుకు లేడు?” అని ఆయన భుజం పట్టుకుని ఊపేశాను.

ఆయన కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని వెనక్కి, ఒడ్డు వైపు చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. చక్రం గిర్రున తిప్పాడు.

గీతకు ఇవతల, ఒడ్డు వైపు, దాదాపు కిలోమీటరు దూరంలో దొరికాడు. చుట్టూ ఒక్క చెత్తపరక కూడా లేదు. వాడొక్కడే. నీళ్ళలో బోర్లా వాలి చెయ్యి ఒకటి ముందుకి చాపుతున్నాడు, లాక్కుంటున్నాడు. అసలు ముందుకి కదలడం లేదు. మేం దగ్గరికి వెళ్ళినా ఆ చెయ్యి ఆడిస్తూనే ఉన్నాడు.

సరంగూ నేనూ కలిసి పైకి లాగాం. పెదవులు నల్లబడ్డాయి, ఊపిరి తీస్తుంటే లోపల గరగరమంటోంది. దగ్గితే నురగ వస్తోంది. తల ఒళ్ళో పెట్టుకున్నాను. “ఒరేయ్! ఒరేయ్, వచ్చానురా, అయిపోయింది, ఇంటికి పోతున్నాం” అన్నాను. బతికే ఉన్నాడు. దొరికాడు! నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

కళ్ళు తెరిచాడు. నన్ను గుర్తుపట్టాడు.

“అక్కా... నీళ్ళు బయటికి లాగేశాయి. నువ్వేమో లోపల వెతికిస్తుంటావు, నాకు తెలుసు” అన్నాడు. మాట మాటకీ ఆగి దగ్గుతున్నాడు. “అందుకని లోపలికి ఈదా. మొగ దగ్గర్నుంచీ ఈదుతూనే ఉన్నా. నువ్వు చెప్పిన చోటికి రావాలని. రాలేకపోయానక్కా.”

“మాట్లాడకురా” అన్నాను. “నోరు మూసుకుని ఊపిరి తియ్యి.”

అదే నేను వాడితో అన్న ఆఖరి మాట. అక్క మాట విన్నాడు, ఇంకేమీ మాట్లాడలేదు. ఊపిరి తీశాడు కాసేపు. సరంగు ఇంజను ఎంత పెంచగలడో అంతా పెంచాడు. అయిదూ ముప్పైఅయిదుకి గరగర ఆగిపోయింది. గుండె మీద నొక్కాను, నోట్లోకి ఊదాను, మళ్ళీ నొక్కాను. మొగ దాటుతున్నంతసేపూ, జెట్టీ కనపడేదాకా నొక్కుతూనే ఉన్నాను. సరంగు వచ్చి నా చేతులు పట్టుకుని తీసేశాడు.

జెట్టీ మీద డాక్టరు వాణ్ణి చూసి తల అడ్డంగా ఊపాడు. హార్బరు మాస్టరుతో తగ్గు గొంతుతో, “ఊపిరితిత్తుల నిండా నీళ్ళు. మనిషి పూర్తిగా అలిసిపోయాడు. అంతసేపు ఎదురీది ఉండకూడదు” అన్నాడు. ఆయన గొంతు తగ్గించినా మరదలికి వినపడింది. వాడి పక్కన నేలమీద కూర్చుని, తడిసిన జుట్టు వెనక్కి దువ్వుతోంది.

“ఎదురీదడమేంటి వదినా?” అంది తలెత్తకుండా. “జాకెట్ ఉందిగా. ఎందుకు ఈదారు?”

ఏదో ఒకటి చెప్పొచ్చు. ఒడ్డు కనపడి ఈదాడనొచ్చు, భయమేసి ఈదాడనొచ్చు. నోరు తెరిస్తే వాడు అన్న మాటలే వచ్చాయి. ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. నేను లోపల వెతికిస్తుంటానని వాడికి తెలుసనీ, నేను చెప్పిన చోటికి రావాలని ఈదాడనీ, నేను చెప్పిన చోటు తప్పనీ చెప్పాను. ఆమె చెయ్యి వాడి జుట్టులో ఆగిపోయింది.

తలెత్తి నా మొహంలోకి చూసింది.

“ఊరికే తేలుతూ ఉండుంటే బతికేవారా?”

“బతికేవాడు” అన్నాను.